‘నువ్వు రాయి’ అన్న అబ్బాయి, ఎర్ర మూత సిరంజీ

ఈసారి వచ్చిన ఉత్తరం పెద్దది. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి ఆ రెండూ తీసేసి, సారాంశం ఇక్కడ చెబుతున్నాను.

రాసినావిడకు 34 ఏళ్లు. ఎమ్మెస్సీ నర్సింగ్ చేశారు. మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ కాలేజీలు ఒకే ఆవరణలో ఉన్న ఒక ప్రైవేటు సంస్థలో పాఠాలు చెబుతారు. నిరుడు తనిఖీకి వస్తున్నారనగా, నాలుగు కాలేజీల పిల్లలకూ కలిపి టీమ్‌వర్క్ క్లాసులు పెట్టాలని పైనుంచి మాట వచ్చింది. ఆ పని ఈవిడ నెత్తిన పడింది. జతగా మెడిసిన్ విభాగం నుంచి ఒక అసోసియేట్ ప్రొఫెసర్ గారిని వేశారు.

ఇప్పటికి మూడు క్లాసులయ్యాయి. మొదటిది ఆడిటోరియంలో, 180 మందికి. ఎంబీబీఎస్ పిల్లలు ముందు వరసల్లో, నర్సింగ్ అమ్మాయిలు వెనక గోడకు ఆనుకుని, మిగతా వాళ్లు ఎక్కడ చోటు దొరికితే అక్కడ. ఈవిడ నలభై స్లైడ్లు చూపించారు. రెండోసారి చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఛాతీనొప్పితో వచ్చిన ఒక పేషెంటు కేసు ఇచ్చారు. ఒక బల్ల దగ్గర ఎంబీబీఎస్ అబ్బాయి పక్కనున్న నర్సింగ్ అమ్మాయి చేతికి పెన్నిచ్చి ‘నేను చెబుతాను, నువ్వు రాయి’ అన్నాడు. ఈవిడ లెక్కపెట్టి చూస్తే పద్నాలుగు బల్లల్లో పదకొండింటి దగ్గర రాస్తున్నది నర్సింగ్ అమ్మాయే. ఫార్మ్‌డీ (ఫార్మసీలో ‘డాక్టర్’ పట్టా ఇచ్చే కోర్సు) చదివే పిల్లాణ్ని ఎవరో ‘నువ్వూ డాక్టరువేనా?’ అని ఆటపట్టించారు. మూడోసారి పాత్రలు వేయించబోతే, ‘మేడమ్, ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?’ అని ఒకడు అడిగాడు, హాలంతా నవ్వింది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిన ప్రొఫెసర్ గారు ఫోను మాట్లాడుతూనే లోపలికి వచ్చి, ‘ఏదేమైనా చివరి నిర్ణయం డాక్టరుదే, అది గుర్తుపెట్టుకుని చేయండి’ అని చెప్పి వెళ్లిపోయారు. ఈవిడకు గొంతు పెగల్లేదు.

ఉత్తరం ముగించాక, అడుగున ‘ఇంకో సంగతి’ అంటూ ఒక పేరా జోడించారు. ఆ మధ్య వార్డులో ఒక పెద్దావిడకు 12 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. ఇన్సులిన్ ఇచ్చే పెన్ను (మందున్న గొట్టం, అంటే కార్ట్రిడ్జ్, అమర్చి పొడిచేది) దొరకలేదు. హౌస్ సర్జన్ ‘కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజీతో లాగి ఇచ్చేయండి’ అన్నాడు. చేతికందిన ఎర్ర మూత సిరంజీతో పన్నెండో గీత దాకా లాగి ఇచ్చారు. గంట తిరక్కుండా ఆవిడకు చెమటలు, వణుకు. షుగర్ 42కి పడిపోయింది. డెక్స్‌ట్రోజ్ ఎక్కించాక కోలుకున్నారు. ఆ రోజు అక్కడే ఉన్న నర్సింగ్ విద్యార్థిని తర్వాత ఏడుస్తూ వచ్చి, ‘మేడమ్, ఆ సిరంజీ చూసి నాకు అనుమానం వచ్చింది, కానీ సార్‌తో ఎలా అంటాను?’ అందట. అదే రౌండ్స్‌లో ఉన్న ఫార్మ్‌డీ విద్యార్థి కూడా గమనించాడట. సాయంత్రం తన లాగ్‌బుక్‌లో చక్కగా రాసుకున్నాడు గానీ వార్డులో ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ ప్రశ్న ఇది: ‘ఈ క్లాసులు కొనసాగించనా, నా వల్ల కాదని చెప్పి తప్పుకోనా? ప్రొఫెసర్ గారి మీద ఫిర్యాదు చేస్తే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. నేను ఎంసెట్‌లో ర్యాంకు రాక నర్సింగ్‌కి వచ్చినదాన్ని. ఎంబీబీఎస్ పిల్లల ముందు నిలబడితే ఆ సంగతే గుర్తొస్తుంది. వాళ్లకు నేను టీమ్‌వర్క్ నేర్పడమేమిటని నాకే అనిపిస్తోంది.’

సమాధానం:

మీరు చివర్లో జోడించిన ఆ ఇన్సులిన్ పేరాతోనే మొదలుపెడతాను. మీరు వెతుకుతున్న పాఠం అందులోనే ఉంది. కానీ పాఠం కంటే ముందు ఒక పని ఉంది.

లెక్క ఒకసారి సరిచూద్దాం. మన దేశంలో ఇన్సులిన్ వయల్ (చిన్న సీసా)లో ఉండేది మామూలుగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉండేది మిల్లీలీటరుకు 100. ఎర్ర మూత సిరంజీ గీతలు 40కి తగ్గట్టు, నారింజ రంగు మూతది 100కి తగ్గట్టు. కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజీతో పన్నెండో గీత దాకా లాగితే వచ్చేది 0.3 మిల్లీలీటర్లు, అంటే 30 యూనిట్లు. రాసినదానికి రెండున్నర రెట్లు. ఆ పెద్దావిడ బతికి బయటపడింది ఆమె అదృష్టం.

అది ఆసుపత్రి రికార్డులో ఇన్సిడెంట్‌గా నమోదైందా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. నమోదు కాకపోతే, క్లాసుల సంగతి పక్కనపెట్టి ముందు ఆ పని చూడండి. దారులు రెండున్నాయి. నర్సింగ్ సూపరింటెండెంట్ గారి ద్వారా రాతపూర్వకంగా నమోదు చేయించడం ఒకటి. ఇలా చేస్తే వార్డులో రెండు రకాల సిరంజీలు ఒకే ట్రేలో ఎందుకున్నాయి, పెన్ను ఎందుకు దొరకలేదు అన్న అసలు ప్రశ్నలు బయటికొస్తాయి. అయితే కొన్ని చోట్ల విచారణ అనగానే అందరికన్నా చిన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. అందుకని ఆ అమ్మాయి పేరు లేకుండా, జరిగినది జరిగినట్టు, ‘వార్డులో ఇలా జరిగే వీలుంది’ అన్న తీరులో రాయించండి. రెండో దారి, నమోదు లేకుండా హెడ్ నర్సుతో, ఫార్మసీతో మాట్లాడి, కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజీతో లాగడం ఆ వార్డులో ఆపించడం. పని రేపే జరుగుతుంది, గొడవా ఉండదు. కానీ పక్క వార్డులో వచ్చే నెల ఇదే జరిగితే ఆపేవాళ్లుండరు. నాకైతే మొదటిదే నచ్చుతుంది. మీ ఆసుపత్రి వాతావరణం నాకు తెలియదు, మీకు తెలుసు. ఏ దారైనా ఈ వారంలోనే చేయండి. ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని, నోరు మెదపకపోవడం తన ఒక్కదాని తప్పు కాదని చెప్పండి. ఆ మాట చెప్పేవాళ్లు లేకే ఈ వృత్తిలో చాలామంది అమ్మాయిలు మొదటి ఏడాదే రాటుదేలిపోతారు.

ఇక క్లాసులు.

ఆ మంచం చుట్టూ ఆ రోజు ఉన్నవాళ్లను లెక్కపెట్టండి. సిరంజీ మూత రంగు నర్సింగ్ అమ్మాయి కంటబడింది. కార్ట్రిడ్జ్‌లో ఉన్నది 100 అని ఫార్మ్‌డీ పిల్లాడికి తెలుసు. ఆవిడ పొద్దున సరిగా తినలేదని కేస్ షీట్ రాసిన ఎంబీబీఎస్ విద్యార్థికి తెలిసే ఉంటుంది. ఆవిడ నీరసంగా ఉందని, రెండడుగులు వేసి కూర్చుండిపోయిందని ఫిజియో పిల్లాడు చూసే ఉంటాడు. చివరి రెండూ నా ఊహ, కానీ వార్డులు చూసినదాన్ని, పెద్దగా తప్పను. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది. అందరూ మంచం చుట్టూనే నిలబడ్డారు. ముక్కలు మాత్రం కలవలేదు.

మీ మూడు క్లాసుల్లోనూ జరిగింది సరిగ్గా ఇదే. అందరూ ఒకచోట చేరారు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ తరహా చదువు గురించి ఒక పత్రం తెచ్చింది. అందులో నిర్వచనం చిన్నదే: రెండు లేదా అంతకన్నా ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవడం. ఆడిటోరియంలో మీరు ‘గురించి’ చెప్పారు. ‘ఒకరితో ఒకరు’ అనేది పక్కపక్క కుర్చీల్లో కూర్చోవడంతో సరిపోయింది. ‘ఒకరి నుంచి ఒకరు’ మాత్రం ఎక్కడా జరగలేదు, ఎందుకంటే మీరిచ్చిన పనిలో ఆ అవసరం రాలేదు.

ఛాతీనొప్పి కేసు సంగతే చూడండి. అందులో అడిగిన ప్రశ్న ‘ఇదేమిటి?’ అని. జబ్బు పేరు చెప్పడం ఎంబీబీఎస్ పిల్లలు రోజూ చేసే ఆట. ఆట వాడిది, బంతి వాడిది, గ్రౌండూ వాడిదే. మిగతా ముగ్గురూ స్కోరు రాయక ఏం చేస్తారు? ‘నువ్వు రాయి’ అన్న అబ్బాయి మీద మీకు కోపం వచ్చింది. రావలసిందే. కానీ వాడికి ఇరవై ఏళ్లు. పక్కన కూర్చున్న అమ్మాయికి ఏం తెలుసో వాడికి తెలియదు, తెలుసుకోవలసిన పనీ ఆ రోజు పడలేదు. ఆ పని పడేలా చేయవలసింది మనం.

1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఒకరిమీద ఒకరికి చిన్నచూపు ఉన్న గుంపుల్ని కలిపితే ఆ చిన్నచూపు ఎప్పుడు తగ్గుతుందో వివరించాడు. కలిసినచోట ఇద్దరూ సమానంగా ఉండాలి, పని ఒకటే అయి ఉండాలి, ఒకరి సాయం లేనిదే ఇంకొకరికి అది పూర్తి కాకూడదు, పైవాళ్ల మద్దతు కళ్లకు కనబడాలి. ఇవేవీ లేకుండా ఊరికే కలిపితే ఉన్న చిన్నచూపు ఇంకాస్త గట్టిపడే ప్రమాదముంది. మీ ఆడిటోరియంలో ముందు వరస, వెనక గోడ. పైవాళ్ల మద్దతుగా వచ్చినాయన ఫోను మాట్లాడుతూ వచ్చారు. ఈ నాలుగింటిలో ఒక్కటీ లేకుండా పిల్లల మనసు మారలేదని బాధపడితే ఎలా అమ్మా?

నేనైతే ఏం చేస్తానో చెబుతాను. జబ్బు పేరు కనిపెట్టే కేసు ఇవ్వను. జబ్బు తెలిసిపోయిన పేషెంటును ఇంటికి పంపే పని ఇస్తాను. డిశ్చార్జ్ అంటే మన దగ్గర ఎవరూ లెక్కచేయరు, అందుకే అక్కడ ఎవరి పెత్తనమూ ఇంకా స్థిరపడలేదు. పేషెంటుగా ఒక 65 ఏళ్ల మామ్మగారిని పెట్టండి. కొత్తగా ఇన్సులిన్ మొదలైంది. చత్వారం, సన్న గీతలు కనబడవు. కొడుకూ కోడలూ పొద్దున్నే పనికి పోతారు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. కార్తీక సోమవారాలు ఉపవాసం మానదు. గుడికి చెప్పుల్లేకుండా నడిచి వెళుతుంది, అరికాలు మొద్దుబారిందన్న సంగతి ఆవిడకింకా తెలియదు. బల్ల మీద రెండు రంగుల సిరంజీలు, ఒక వయల్, ఒక కార్ట్రిడ్జ్ పెట్టండి. ‘నలభై నిమిషాల్లో ఈవిడను ఇంటికి పంపించండి’ అనండి. ఇంకేమీ చెప్పకండి.

మోతాదు, ఉపవాసం రోజున దాన్నెలా మార్చాలన్నది ఎంబీబీఎస్ వాళ్లు చెప్పాలి. ఏ సీసాకు ఏ సిరంజీ, ఫ్రిజ్ లేనింట్లో నీటికుండ పక్కన మట్టిపాత్రలో ఎలా దాచుకోవాలి, కంటిచుక్కల మందుతో సహా ఆవిడ వాడేవన్నీ ఒకదానికొకటి పడతాయా అన్నది ఫార్మసీ. పొడిచే చోటు మారుస్తూ ఉండటం, గీతలు కనబడని మనిషికి చేయి పట్టి నేర్పడం, వణుకొస్తే ముందు చక్కెర నోట్లో వేసుకోవాలని కోడలికి కూడా చెప్పడం నర్సింగ్. పాదం, నడక, చెప్పులు, పడిపోకుండా చూసుకోవడం ఫిజియో. డాక్టరు ఒక్కడే ఇది చేయలేడు. ప్రయత్నించనివ్వండి, పది నిమిషాల్లో తెల్లమొహం వేస్తాడు. మీరేమీ అనక్కర్లేదు. ‘ఎర్ర మూతా, నారింజ మూతా?’ అని వాడే పక్కకు తిరిగి అడుగుతాడు. ఆ ప్రశ్న వాడి నోట రావడమే మీ క్లాసు.

మామ్మగారి వేషం మీ కాలేజీలో ఎప్పటినుంచో పనిచేస్తున్న ఏ ఆయమ్మనైనా అడిగి వేయించండి. అద్భుతంగా చేస్తారు, విసిగిస్తారు కూడా. చివర్లో మార్కులు వేసేది ఆవిడే: ‘ఇంటికెళ్లి ఏం చేస్తావో చెప్పు’ అని అడిగితే ఆవిడ సరిగా చెప్పగలిగిందా లేదా అన్నదే లెక్క.

కొన్ని చిన్న విషయాలు. ఒక్కో బల్లకు ఏ కాలేజీ నుంచైనా ఒక్కరినే కూర్చోబెట్టకండి, ఇద్దరుండాలి. ఒంటరిగా ఉన్న పిల్ల నోరు తెరవదు. 180 మందిని ఒకేసారి కూడబెట్టకండి, నలభై మంది చాలు. ఫైనలియర్ నర్సింగ్ పిల్లల పక్కన ఇంకా వార్డు ముఖం చూడని ఫస్టియర్ ఎంబీబీఎస్ వాళ్లను వేయకండి, అక్కడ ఇబ్బంది తిరగబడుతుంది. రాసే పని ఎవరిదో చీటీలు వేసి తేల్చండి. పేర్లకు ‘గారు’ తగిలించి పిలుచుకోమనండి. మనకు ఊరికే వచ్చిన సదుపాయం అది. వార్డులో ఎలాగూ ‘సార్’, ‘సిస్టర్’ అనే పిలుచుకుంటారు. వార్డును మీరు మార్చలేరు, మార్చబోకండి. క్లాసు వరకే.

‘ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?’ అన్న అబ్బాయికి జవాబు మీ దగ్గర లేకపోయింది. ఉంది. 2019 బ్యాచ్ నుంచి అమలైన ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళికలో డాక్టరు కావలసినవాడి పాత్రల్లో ఒకటి ‘వైద్య బృందానికి నాయకుడు, సభ్యుడు’. రెండో ఏట ఏట్‌కామ్ (వైఖరి, నైతికత, మాటతీరు నేర్పే) పాఠాల్లో వైద్య బృందంలో పనిచేయడం మీదే ఒక మాడ్యూల్ ఉంది. లాగ్‌బుక్‌లో సంతకం కావాలి. ఆ సంతకం మీ క్లాసుకు జతచేయమని మెడికల్ కాలేజీ వాళ్లను అడగండి. నవ్వినవాళ్లు సగం మంది అప్పుడు పెన్ను తీస్తారు. మిగతా సగం మంది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు, పోనీండి.

ఇంకో మార్గం ఊళ్లోకి వెళ్లడం. ఎంబీబీఎస్ పిల్లలు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ ఉంది. ఆ బస్సులోనే మీ నర్సింగ్ పిల్లల్నీ ఫిజియో పిల్లల్నీ ఎక్కించమని కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లను అడగొచ్చు. నేను ఆ విభాగంలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, నాకిది చాలా ఇష్టం. ఆడిటోరియంలో వెనక గోడకు ఆనుకునే పిల్ల ఒక ఇంట్లోకి అడుగుపెట్టి ‘పెద్దమ్మా, మంచినీళ్లిస్తారా’ అని పీట మీద కూర్చుంటుంది. డాక్టరు కాబోయే పిల్లాడు గుమ్మం దగ్గరే ఫైలు పట్టుకుని నిలబడిపోతాడు. ఎవరి నుంచి ఎవరు నేర్చుకోవాలో ఆ గుమ్మమే చెబుతుంది. ఇబ్బందులూ ఉన్నాయి: బస్సులో సీట్లు, నాలుగు కాలేజీల టైమ్‌టేబుళ్లు, పైగా మన దగ్గర ఫార్మసీ కాలేజీలు చాలావరకు హెల్త్ యూనివర్సిటీ కింద కాక జేఎన్‌టీయూ లాంటివాటి కింద ఉండటంతో వాళ్ల పరీక్షల తేదీలు ఎప్పుడూ వేరే. మొదటి ఏడాది ఫార్మసీ లేకుండా వెళ్లవలసి రావచ్చు. వెళ్లండి.

స్వీడన్‌లో లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం 1986 నుంచే వేర్వేరు వృత్తుల విద్యార్థులకు కలిపి చదువు చెబుతోంది. 1996లో విద్యార్థులే కలిసి నడిపే వార్డు కూడా తెరిచారు, వెనక పెద్దల పర్యవేక్షణతో. మీ ప్రిన్సిపాల్ గారికి ఇలాంటివి చూపిస్తే ముచ్చటపడి ‘మనమూ పెడదాం’ అంటారు. ఒప్పుకోకండి. మీకు ముందు కావలసింది ఒక మామ్మగారు, రెండు సిరంజీలు.

ప్రొఫెసర్ గారి మాటకు వద్దాం. ‘చివరి నిర్ణయం డాక్టరుదే.’ నేనూ డాక్టర్నే, ఆ మాట నిజమే. రేపు కోర్టు అడిగేది ముందు ఆయన్నే. దాంతో వాదనకు దిగకండి, ఓడిపోతారు. కానీ నిర్ణయం ఆయనదైతే, ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం ఆయన చెవిన పడేలా చూసుకోవలసిన బరువు కూడా ఆయనదే. 2005లో ఇంగ్లండ్‌లో ఒక యువతి చిన్న సైనస్ ఆపరేషన్‌కని వెళ్లింది. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం దొరకలేదు. అనుభవమున్న డాక్టర్లే గొంతులోకి గొట్టం వేయడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ పోయారు. ఒక నర్సు గొంతు దగ్గర కోసి దారి చేసే ట్రాకియాస్టమీ సెట్టు తెచ్చి, ఇదిగో ఉందని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొక నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయించింది, డాక్టర్లు ‘ఎందుకింత హడావిడి’ అన్నట్టు చూసేసరికి మళ్లీ ఫోన్ చేసి వద్దని చెప్పింది. పదమూడు రోజులకు ఆమె చనిపోయింది. ఏం చేయాలో నర్సులకు తట్టింది, దాన్ని డాక్టర్ల చెవికెక్కేలా చెప్పే దారే దొరకలేదు. ఆమె భర్త విమానం పైలట్. విమానంలో కో-పైలట్ చెప్పింది కెప్టెన్ వినడం శిక్షణలో భాగం, ఆసుపత్రిలో ఎందుకు కాదని అడిగాడు. 2007లో ఆ పని కోసమే ఒక సంస్థ మొదలుపెట్టాడు.

ఈ కథ ప్రొఫెసర్ గారికి క్లాసులో కాదు, ఆయన గదిలో, టీ తాగుతూ చెప్పండి. ‘సార్, చివరి నిర్ణయం మీదే. ఆ నిర్ణయం తీసుకోవడానికి నర్సు దగ్గర్నుంచి మీకేం కావాలో పిల్లలకు మీ నోటితోనే చెప్పండి, పది నిమిషాలు చాలు’ అని అడగండి. కొందరు సీనియర్లు ఇలా అడిగితే కరుగుతారు, తమ పాత అనుభవాలు తవ్వి చెబుతారు. ఆయన కరగకపోతే, జతగా అనెస్తీషియా నుంచో పీడియాట్రిక్స్ నుంచో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను కోరండి. ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కోత పెట్టేముందు అందరూ పేరు, పాత్ర చెప్పుకోవాలన్న అంశంతో 2008లో వచ్చిన సర్జికల్ చెక్‌లిస్టు వాళ్ల గోడ మీదే ఉంటుంది. దాన్ని ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ‘ఇదంతా సాఫ్ట్ స్కిల్స్ గొడవ’ అనేవాళ్లకు ఆ అంకె చాలు.

ఫిర్యాదు అన్నది ఆఖరి మాట. ఆలస్యంగా రావడం, ఫోను మాట్లాడటం మీద ఫిర్యాదు నిలవదు, మీ ఇద్దరి మధ్యా వేడి మాత్రం మిగులుతుంది. మీ భయం వట్టిది కాదు, ప్రైవేటు కొలువు సంగతి అందరికీ తెలిసిందే.

ఇప్పుడు మీ గురించి. మీరు ఉత్తరంలో ఎంసెట్ గురించి రెండు వాక్యాలు రాసి, వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయారు. నేను వెళ్లను.

1967లో లెనార్డ్ స్టెయిన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, డాక్టరూ నర్సూ ఆడే ఒక ఆట గురించి రాశాడు. నర్సుకు విషయం తెలుసు, కానీ తాను సలహా ఇస్తున్నట్టు కనబడకుండా ఇవ్వాలి. డాక్టరు దాన్ని తన ఆలోచనలా స్వీకరించాలి. బయటికి తెలిస్తే ఇద్దరికీ నష్టం. ఆ ఆటలో నేనూ ఆడాను, డాక్టరు పక్షాన. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి ఒక పసివాడికి మందు రాసి ఇస్తే, హెడ్ నర్సుగారు చీటీ చేతిలో పట్టుకుని ‘మేడమ్, బాబు బరువు ఎంత అన్నారూ?’ అని అడిగారు. నేను చెప్పాను. ఆవిడ కదల్లేదు. ‘ఎంత అన్నారూ?’ మళ్లీ అడిగారు. అప్పుడు చూసుకున్నాను, దశాంశం తప్పింది. దిద్దాను. ఆవిడ ‘అలాగే మేడమ్’ అని వెళ్లిపోయారు. నేను కృతజ్ఞత చెప్పలేదు. ఇన్నేళ్లయినా ఆ మాట గొంతులోనే ఉంది. ఆ రోజు ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, ఆ వార్డులో నాకంటే ఎంతో ఎక్కువ చూసిన మనిషి. అయినా సూటిగా ‘ఇది తప్పు’ అనలేకపోయారు, నేను వింటానన్న నమ్మకం నేను కలిగించలేదు గనక.

మీరు క్లాసులో నిలబడి చేస్తున్నది కూడా ఆ ఆటేనేమో చూసుకోండి. సమానత్వం గురించి నలభై స్లైడ్లు చూపించి, ఆయన ఒక్క మాట అనగానే తలవంచితే, వెనక గోడ దగ్గరున్న అమ్మాయిలు నేర్చుకునేది స్లైడ్లు కాదు, ఆ తలవంచడమే. తప్పు పట్టడం లేదు. పదిహేనేళ్ల కిందటి ఒక పరీక్షలో రాని ర్యాంకు మిమ్మల్ని ఇంకా బెంచీ మీద నిలబెడుతోంది. ఇన్సులిన్ వేయడం నేర్పడంలో ఆ హాలులో మీ అంత అనుభవమున్నవాళ్లు ఎందరున్నారు? ప్రొఫెసర్ గారు ఒక మామ్మకు చేయి పట్టుకుని పొడుచుకోవడం ఎన్నిసార్లు నేర్పి ఉంటారు?

మీ అమ్మాయిలకు నేర్పవలసిన మాట కూడా ఒకటుంది. ‘సార్, ఇది తప్పు’ అనలేరు, సరే. ‘సార్, ఒక్క నిమిషం. ఇది వంద కార్ట్రిడ్జ్, నా చేతిలో నలభై సిరంజీ ఉంది. ఇలా ఇస్తే ముప్పై యూనిట్లు వెళతాయి. ఒకసారి చూడండి’ అనగలరు. కంటికి కనబడేది, అంకె, ఏమవుతుందో, ఏం అడుగుతున్నారో, ఆ వరసలో. అందులో మర్యాదకు లోటు లేదు, ఆటా లేదు. ఇది మనసులో అనుకుంటే రాదు, నోటితో పదిసార్లు అనిపించాలి. ఎంబీబీఎస్ పిల్లల చేత కూడా రెండో సగం అనిపించండి: ‘చూస్తానండి, థాంక్స్.’ అది వాళ్లకు ఇంకా కష్టం.

ఉండాలా, తప్పుకోవాలా? ఇప్పుడే తప్పుకుంటే మీకు రాత్రి నిద్ర పడుతుంది, అది చిన్న లాభమేమీ కాదు. కానీ ఆ పని ఇంకెవరి నెత్తినో పడుతుంది, వాళ్లు మళ్లీ ఆడిటోరియంలో నలభై స్లైడ్లు వేస్తారు, తనిఖీ ఫోటోలు బాగా వస్తాయి. ఉన్నది ఉన్నట్టు కొనసాగిస్తే అది అన్నిటికన్నా చెడ్డది, మీకూ పిల్లలకూ. షరతులతో ఉండటం మధ్య దారి: నలభై మంది, రెండు గంటలు, జతకు మీరడిగిన డాక్టరు, లాగ్‌బుక్ సంతకం. ప్రిన్సిపాల్ గారికి ఒక పేజీలో రాసివ్వండి. ఇస్తే ఒక సెమిస్టర్ చేసి చూడండి. నాలుగింటిలో మూడు ఇచ్చినా చేయొచ్చు. డాక్టరు జత దొరక్కపోతే మాత్రం మొదలుపెట్టకండి. ఎందుకంటే అప్పుడు నర్సింగ్ టీచరు నర్సుల్ని గౌరవించమని ఎంబీబీఎస్ పిల్లలకు చెబుతున్నట్టే ఉంటుంది, ఎవరూ వినరు. షరతులు ఇవ్వనంటే, అప్పుడు తప్పుకోండి. కాగితం మీద కారణం ఉంటుంది, మీలో మీరు కుమిలిపోయే పని ఉండదు. ఆ మామ్మగారి పాఠం మీ నర్సింగ్ క్లాసులోనే పెట్టుకుని, పక్క కాలేజీ నుంచి ఆ ఫార్మ్‌డీ పిల్లాణ్ని ఒక పూట అరువు తెచ్చుకోవచ్చు. లాగ్‌బుక్‌లో రాసుకున్నది బయటికి చెప్పడం వాడికీ అలవాటవుతుంది.

క్లాసులో వార్డు సంఘటనను మాత్రం వాడకండి, వివరాలు మార్చినా ఆ హౌస్ సర్జన్ ఎవరో పిల్లలు గంటలో పట్టేస్తారు. ఇక సామగ్రి: గడువు దాటిన కార్ట్రిడ్జ్‌లు ఉంచమని ఆసుపత్రి ఫార్మసీలో ముందే చెప్పి పెట్టండి. లేదంటే ఖాళీ వయల్‌లో సెలైన్ నింపి, పైన పెద్ద అక్షరాలతో ‘క్లాసుకు మాత్రమే’ అని చీటీ అంటించండి. అయిపోయాక లెక్కపెట్టి మీరే వెనక్కి తీసుకోండి. ఒక్కటి కూడా ఏప్రాన్ జేబులో వార్డుకు పోకూడదు.